గొళ్ళెంగారి కత్తి

మా తమ్ముడు యాభై తొమ్మిదో ఏట కత్తిసాము మొదలుపెట్టాడు. కుర్చీలో కూర్చునే. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి కుర్చీలోంచి లేవకుండా ఎగిరి దూకే వీలు దొరికితే వదులుకుంటాడా?

వాడి పని తాళాలు బాగుచేయడం. దుకాణం ఎంతంటే, ఇద్దరు మనుషులు వస్తే మూడోవాడు వీధిలో నిలబడాలి. గోడ నిండా పళ్ళు కొయ్యని తాళంచెవులు మేకులకు వేలాడుతుంటాయి. బెంచీ మీద ఆకురాయి, పట్టకారు, సన్నటి పుల్లలు. ఎంత మొండి తాళమైనా సరే, పుల్ల లోపల పెట్టి, చెవి దగ్గరగా చేర్చి, ఊపిరి బిగబట్టి వింటాడు. "ఏ తాళమైనా ఎక్కడో ఒకచోట నోరు విప్పుతుందక్కా" అంటాడు. నలభై ఏళ్ళుగా అవి విప్పుతూనే ఉన్నాయి. అదే వాడికి చేటు తెచ్చింది.

మా ఆయన పోయాక నేను వాళ్ళతోనే ఉంటున్నాను, దుకాణం వెనక గదిలో. మా మరదలు ఒక హోటలు వాళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే చోట పనికి వెళుతుంది. నేను దుకాణంలో స్టూలు మీద కూర్చుంటాను. తాళంచెవి పారేసుకుని వచ్చినవాళ్ళను నాలుగు మాటలనడం నా వంతు. మా తమ్ముడు మొహమాటస్తుడు.

కార్ల తాళంచెవుల్లో కూడా చిప్పులు వచ్చేసరికి, కంప్యూటరు లేనిదే కుదరదని ఒక పాతది కొనుక్కొచ్చాడు. అంతకుముందు దాన్ని వాడినవాళ్ళెవరో అందులో ఒక ఆట వదిలేసి పోయారు. తెర మీద కత్తి బొమ్మ కనిపిస్తే, ఇదేదో తాళంచెవులు కోసే సరంజామా కాబోలనుకుని నొక్కాడు. పేరు చెప్పమంది. తోచక, ఎదురుగా బెంచీ మీద ఏముంటే దాని పేరు కొట్టాడు. ఆ రోజు నుంచి ఆ లోకంలో మా తమ్ముడి పేరు గొళ్ళెం. కాస్త మర్యాద తెలిసినవాళ్ళు గొళ్ళెంగారూ అంటారు.

నాలుగేళ్ళయింది. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా దుకాణంలోకి ఈగ కూడా రాదు. ఆ రెండు గంటలూ వాడు గుహల్లో ఉంటాడు, నేను వెనక నుంచి చూస్తుంటాను. కాబట్టి ఆ ఆటను నేను ఊరికే తిట్టను. చూసి తిడతాను.

మంచి ముందు చెప్పేస్తాను, దాంతో తొందరగానే అయిపోతుంది. లోపలికి పోవడానికి పైసా అడగరు. ఇక అందులో యుద్ధం నిజంగా యుద్ధమే. నువ్వు కత్తి ఎత్తితేనే లేస్తుంది, దింపితేనే దిగుతుంది. రాక్షసుడు భుజం కదిపాడంటే పక్కకు దొర్లాలి, క్షణం ఆలస్యమైందా, పోయినట్టే. నంబరు నొక్కేసి టీ తాగుతూ కూర్చుంటే బొమ్మలే కొట్టుకు చచ్చే ఆటలు కూడా ఉన్నాయట, వాటిని మా తమ్ముడు మనిషి ఆటలే కాదంటాడు. వాన పడితే బొమ్మ జుట్టు తడుస్తుంది. కత్తి రాయికి తగిలితే చేతికే తగిలినట్టు ఉంటుంది. అంతవరకు బంగారం.

ఇక రెండోది, చెడ్డ. మొదటి నలభై మెట్లు ముద్దులాడుతూ ఎక్కిస్తారు. ఆ పైన రోజూ అదే గుహ, అదే రాక్షసుడు, నిన్న చంపినవాడే ఇవాళ లేచి కూర్చుని ఉంటాడు. సంచిలో ముప్పై అరలిస్తారు, ముప్పై ఒకటో వస్తువు దొరికిందంటే కొత్త అర కొనుక్కోవాలి. గోడ దగ్గర పోట్లాట జరిగితే తెర అంతా గోడే కనిపిస్తుంది, రాక్షసుడు ఎక్కడున్నాడో వాడు మనల్ని కొట్టాకే తెలుస్తుంది. జనం ఎక్కువైతే ఆట నత్తలా నడుస్తుంది. ఉచితంగా ఇల్లిచ్చి మెట్లకు అద్దె వసూలు చేసే బేరమన్నమాట.

అన్నిటికంటే పాపిష్టిది ఆ కమ్మరికొలిమి. కత్తికి బలం పెంచాలంటే దాన్ని అక్కడ పెట్టి, సుత్తి దెబ్బలు పడుతుండగా మీట నొక్కాలి. సుత్తి మూడు దెబ్బలు వేస్తుంది. కలిసొస్తే కత్తి ఒక మెట్టెక్కుతుంది. లేదంటే రెండు ముక్కలవుతుంది. విరగకుండా రక్షరాయి అని ఒకటి అమ్ముతారు. దాన్ని మాత్రం ఉచితం అనరు.

మా తమ్ముడు ఏం చేశాడు? ఆ కొలిమిని తాళం అనుకున్నాడు. చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, సుత్తి చప్పుడు వింటాడు. మూడో దెబ్బకు ముందు సన్నగా 'టిక్' అంటుందట, సరిగ్గా అప్పుడు నొక్కాలట. పనికిరాని కత్తులు వందల కొద్దీ విరగ్గొట్టి ఈ శాస్త్రం కనిపెట్టాడు. తన అసలు కత్తిని అలాగే తొమ్మిదో మెట్టు దాకా తెచ్చాడు. దాంతో ఇక పట్టపగ్గాల్లేవు.

"రక్షరాయి చేతకానివాళ్ళకు అక్కా. చెయ్యి తెలిసినవాడికి దేనికి?"

"పోయినవారం మూడు విరిగాయి కదరా?"

"అప్పుడు వీధిలో లారీ హారను కొట్టింది."

ఇలా ఉండగా వాడి జట్టుకు కొత్త నాయకుడొచ్చాడు. ఆటలో పేరు పెనుమంట. బయట సోఫాలు అమ్ముతాడు. పన్నెండుమంది జట్టు వాళ్ళది, నాలుగు కొమ్ముల ఎద్దును పడగొట్టాలని మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఓడిపోతున్నారు. ఈ పెనుమంట ఒక ఆజ్ఞ వేశాడు: వచ్చే ఆదివారానికి అందరి కత్తీ పదో మెట్టులో ఉండాలి, లేనివాళ్ళు జట్టులోంచి బయటికి.

ఆ జట్టు పెట్టినవాడే మా తమ్ముడు. ఆ మాట ఆ సోఫాల మనిషికి ఎవరూ చెప్పలేదు. మా తమ్ముడూ చెప్పలేదు. చెప్పానుగా, మొహమాటస్తుడు.

ఆ వారం వాడికి అన్నం సయించలేదు. ఒకావిడ బీరువా తాళానికి సైకిలు తాళంచెవి కోసిచ్చాడు. మా మరదలు చూసి చూసి అంది:

"ఏవండీ, ఆ రాయేదో కొనుక్కోకూడదూ? నేను కొంటాను. చీర కొన్నాననుకుంటాను."

"నలభై ఏళ్ళు తాళాలు విప్పాను. నాకు రాయి కొనిపెడతావా?"

"విరిగితే ఏడ్చేది మీరేగా!"

"నేనా? బొమ్మ కత్తికా?" అన్నాడు, ఏడుపు మొహంతోనే.

శుక్రవారం ఎవరింటిదో తలుపు బిగుసుకుందని పిలిస్తే వాడు వెళ్ళాడు. మా మరదలు కంప్యూటరు ముందు కూర్చుంది.

"వదినా, మీరు మాత్రం నోరు విప్పకండి" అంది.

"నేనా? నాకేం తెలుసు!" అని వీధివైపు తిరిగి కూర్చున్నాను. రాయి కొని వాడి సంచిలో పడేసింది. అది సంచిలో ఉంటే చాలట, కొలిమి దగ్గర తనంతట తనే పనిచేస్తుందట.

శనివారం రెండు గంటలకు వాడు కత్తిని కొలిమిలో పెట్టాడు. నన్ను ఫ్యాను ఆపమన్నాడు. మా మరదలు కూడా సెలవు పెట్టి వచ్చి వాకిట్లో నిలబడింది. ఊపిరి బిగబట్టాడు. ఒక దెబ్బ, రెండు దెబ్బలు. నొక్కాడు.

కత్తి మెట్టెక్కలేదు. విరగనూ లేదు. తెర మీద అక్షరాలు పడ్డాయి, గుడ్డిదానికి కూడా కనిపించేంతవి: మీ రక్షరాయి మీ కత్తిని కాపాడింది.

మా మరదలు చీర కొంగు చూసుకుంటోంది. నేను ఫ్యాను వేశాను.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఇయర్‌ఫోన్లు తీసి బెంచీ మీద పెట్టాడు.

"టిక్ అన్నప్పుడే నొక్కానక్కా. సరిగ్గా అప్పుడే."

"చూశాను."

"అయితే అది తాళం కాదు."

"మరేమిటి?"

"చీట్ల డబ్బా. లోపల చెయ్యి పెట్టి ఏ చీటీ వస్తే అది తీసుకోవాలి. నాలుగేళ్ళు చీట్ల డబ్బాకు చెవి పెట్టి విన్నాను."

మా మరదలు వాకిట్లోంచే, "నా మీద కోపమా?" అంది.

"నీ మీద ఎందుకు? నువ్వు కొనకపోతే ఇప్పుడది ముక్కలై ఉండేది. లారీ హారను కొట్టిందని చెప్పుకుంటూ ఉండేవాణ్ణి."

ఇంకో రాయి కొంటానంది. వద్దన్నాడు. ఈసారి పొగరుతో కాదు.

ఆదివారం నాలుగింటికి జట్టంతా చేరింది. పెనుమంట గొంతు స్పీకర్లోంచి దుకాణమంతా వినిపిస్తోంది.

"పెద్దాయనా, మీ కత్తి తొమ్మిదే ఉంది."

"అవును బాబూ. ఒక్కసారి రానివ్వు. తర్వాత తీసేద్దువుగాని."

"రూలు రూలే కదండీ."

"తీసెయ్యమనే అంటున్నాను. వచ్చాక."

ఎవరో ఒకావిడ, "రానివ్వండి, ఓడిపోవడం మనకేమైనా కొత్తా?" అంది. రానిచ్చారు.

ఎద్దు ఇంత ఎత్తున ఉంది. పదకొండుమందీ, ఏ దెబ్బ ఎంతో లెక్క చూపిస్తూ దాని నెత్తిమీద ఎగిరే నంబర్లు చూస్తూ మీద పడ్డారు. మా తమ్ముడు దాని కాళ్ళు చూస్తున్నాడు. ఎడమ డెక్క నేలకు రాసిందా, కుడివైపు దొర్లేవాడు. తోక ఆగిందా, వెనక్కి దూకేవాడు. అయిదు నిమిషాల్లో ఆరుగురు పడ్డారు. మరో రెండు నిమిషాలకు పెనుమంట తన పదమూడో మెట్టు కత్తితో సహా గోడకు అతుక్కుపోయి పడ్డాడు, మిగతా నలుగురూ ఆ వెనకే. చివరికి నిలబడింది గొళ్ళెం ఒక్కడే.

పడ్డవాళ్ళు చూడడం తప్ప చేసేదేం లేదు. ముందు ఒకడు నవ్వాడు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎద్దుకున్న ప్రాణం సముద్రమంత, మా వాడి దెబ్బ చెంచాడు. తోడుతూనే ఉన్నాడు. ఎనిమిది నిమిషాలు ఒక్క కొమ్ము కూడా తగల్లేదు. మా మరదలు నా భుజం పట్టుకుని ఎంత నొక్కిందంటే, మర్నాడు కూడా నొప్పి తెలిసింది. ఎద్దుకు పదోవంతు ప్రాణం మిగిలి ఉండగా గంట మోగింది. గడువు అయిపోయింది. గడువు దాటితే ఆ గుహే అందరినీ చంపేస్తుంది. అది దొర్లితే తప్పేది కాదు.

తర్వాత పెనుమంట గొంతు సవరించుకున్నాడు.

"అద్భుతమండీ పెద్దాయనా. నిజంగా. కానీ చూశారుగా, మీ కత్తి పదో మెట్టులో ఉండుంటే గెలిచేవాళ్ళం."

"నువ్వు పడిపోకుండా ఉండుంటే కూడా గెలిచేవాళ్ళం బాబూ" అన్నాడు మా తమ్ముడు. అరవై మూడేళ్ళలో వాడి నోట నేను విన్న మొదటి మాట అది, మాట అని చెప్పుకోదగ్గది.

జట్టులోంచి తీసేశారు. రూలు రూలే కదా.

సోమవారం మధ్యాహ్నం వాడు కంప్యూటరు తెరవలేదు. ఆకురాయి తుడిచాడు, మేకులకున్న తాళంచెవులన్నీ దించి మళ్ళీ తగిలించాడు. మంగళవారం కారు తాళంచెవి కోసం తెరిస్తే ఉత్తరాలున్నాయి. ఆ ఎద్దు కదలిక ముందే ఎలా తెలుస్తోందో నేర్పమని ముగ్గురు అడిగారు. నేర్పుతాను, కానీ నా దగ్గర నేర్చుకునేవాళ్ళు రక్షరాళ్ళు కొనకూడదు, కత్తి రెండో మెట్టుది తెచ్చుకోవాలి అని రాశాడు. ఇద్దరు మళ్ళీ పలకలేదు. మూడో ఆవిడ వచ్చింది. ఆదివారం రానివ్వండి అన్నావిడే. పళ్ళ డాక్టరట. రోజంతా జనాన్ని నోళ్ళు తెరవమంటూ ఉంటుందట, మా వాడూ తాళాలను అదే అంటాడు కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఇప్పుడు రోజూ రెండింటికి పాఠం. నిన్న ఒకాయన ఇంటికి తాళం వేసి తాళంచెవి లోపలే మరిచిపోయానంటూ పరుగెత్తుకొచ్చాడు.

"కాస్త ఆగండి, డాక్టరుగారు చచ్చిపోతున్నారు" అన్నాను.

ఆయన బిక్కమొహం వేసుకుని వీధిలోనే నిలబడ్డాడు. లోపల మా తమ్ముడు కాలితో నేల మీద తాళం వేస్తూ చెబుతున్నాడు:

"నంబర్లు చూడకండి డాక్టరుగారూ, డెక్క చూడండి. పర్లేదు, నిన్నటికంటే రెండు దూకుళ్ళు ఎక్కువ బతికారు. లేవండి, మళ్ళీ."