అమ్మ కోసం ఎత్తిన బండి

తానా నగరంలో మీగడరంగు పాత రెనో టాక్సీలకి కొదవలేదు గానీ, డ్రైవరు తూకి బండిలా వెనక భాగం కిందికి వాలి, తోక ఈడ్చుకుంటూ తిరిగేది ఇంకోటి లేదు. దాని ఇంజనుకి పెట్రోలు వెళ్ళేది కాళ్ళ దగ్గర పెట్టుకున్న ప్లాస్టిక్ సీసాలోంచి. దిగుడు వస్తే తూకి ఇంజను ఆపేసి బండిని జారనిచ్చేవాడు. ఆ పొదుపుతోనే పెళ్ళాం బిడ్డల్ని సాకుతూ వచ్చాడు. బండిని ఎవరైనా ఒక మాటంటే మాత్రం మూతి ముడుచుకునేవాడు.

ఒక్క తల్లిని మాత్రం ఏమీ అనలేకపోయేవాడు. ఆవిడ ఇసూత్రి సందులో తెల్లారకముందే గుంతల పెనం మీద బియ్యపు రొట్టెలు పోసి అమ్మేది. భారీ మనిషి. వెనక సీట్లో కూర్చుంటే బండి కుయ్యోమనేది. "ఇది నన్ను మోస్తోందా, నేను దీన్ని మోస్తున్నానా?" అని పగలబడి నవ్వేది. ఆ రొట్టెల సంపాదనతోనే సొంతూళ్ళో ఎర్రిటుకల ఇల్లు కట్టించింది.

ఇప్పుడు ఆవిడ గుండె చెడిపోయి ఆసుపత్రిలో ఉంది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు. ఆవిడది ఒకటే మాట: "నన్ను ఊరికి తీసుకుపో. నా ఇంట్లో పోతాను."

వాళ్ళ వంశంలో ఒక ఆచారం ఉంది. ఊరి ఏరు దాటకముందే ప్రాణం పోతే, ఆ శవాన్ని గడప దాటనివ్వరు. వాకిట్లో చాప మీద పడుకోబెట్టి, అక్కణ్ణుంచే సమాధికి మోసుకెళ్తారు. తను కట్టుకున్న ఇంటి బయట, పరాయిదానిలా అమ్మ పడి ఉంటుందని తలుచుకుంటే తూకికి ముద్ద దిగలేదు.

అంబులెన్సుకి ఎంతవుతుందో అడిగి, అంత డబ్బు తన వల్ల కాదని వెనక్కొచ్చాడు. మిగిలింది తన బండే. చిక్కంతా ఊరి దారితో. ఎడ్లబళ్ళు కోసిన గాడుల మధ్య మట్టి గట్టులా లేచి ఉంటుంది. పోయిన కోతలప్పుడు అమ్మని, అక్కని ఎక్కించుకుని వెళ్తే బండి కడుపు ఆ గట్టుకి ఆనుకుపోయింది. చివరికి ఎడ్లు కట్టి లాగించాడు.

మెకానిక్ దెరా బండి కిందకి దూరి చూశాడు. "కొత్త సామాను కొనక్కర్లేదన్నా. వెనక బరువు మోసేది ఈ రెండు ఉక్కు కడ్డీలే. ఊడదీసి, చివరనున్న పళ్ళని ఒక పన్ను మేర జరిపి బిగిస్తే తోక లేస్తుంది. ఒళ్ళు హూనం తప్ప ఖర్చు లేదు."

"ఒకటి కాదు, రెండు పళ్ళు జరుపు."

"రెండా? ఖాళీగా ఉంటే ముక్కు నేలకి రాస్తుంది."

"ఖాళీగా ఎందుకుంటుంది? ఎక్కేది మా అమ్మరా. ఆవిడ సంగతి నీకు తెలీదూ?"

దెరాకి తెలుసు, ఆవిడ రొట్టెలు తిని పెరిగినవాడే. ఇద్దరూ ఆ తుప్పుతో కుస్తీ పట్టి, చేతులు చీరుకుని, సాయంత్రానికి బిగించారు.

అక్క వులులూన తనూ వస్తానంది. "వద్దక్కా. నువ్వెక్కితే మళ్ళీ ఎడ్లే దిక్కు" అన్నాడు తూకి. "ఓహో, అమ్మతో రావడానికి నేను బరువయ్యానా!" అని ఆవిడ మాటలు మానేసింది. ఒడ్డూ పొడుగూ నోరూ, అన్నీ అమ్మ పోలికే.

మర్నాడు ఆసుపత్రి ముందు, డ్రైవరు పక్క సీటు పీకేసి, వెనక సీటు మడిచి, పరుపు పరిచి, వెనక తలుపులోంచి అమ్మ తలని ముందుకి జరుపుతూ పడుకోబెట్టారు. తూకి వంగి చక్రాల వంక చూశాడు. తోక వేలెడు కూడా దిగలేదు. రోజూ మంచం పక్కన కూర్చుని గంజి తాగించిన కొడుకు, దుప్పటి కింద అమ్మ కరిగిపోవడం చూడనే లేదు. బండి చెప్తే గానీ తెలియలేదు.

ఈలోగా పరుపు ముందుకి వాలిపోయి, తల కిందికీ కాళ్ళు పైకీ అయి, అమ్మ ఊపిరి అందక గుటకలు వేస్తోంది. తల కింద మూట పెడితే జారిపోతోంది. కడ్డీలు మళ్ళీ విప్పాలంటే పూట పడుతుంది. "తిప్పి పడుకోబెడదాం" అన్నాడు తూకి.

"కాళ్ళు ముందుకి పెట్టి తీసుకెళ్ళడానికి అమ్మ ఇంకా చావలేదు!" సాగనంపడానికి వచ్చి, ఎడంగా నిలబడిన వులులూన కేకేసింది.

తూకి వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎక్కక్కా."

"నిన్న బరువన్నావుగా?"

"ఆ బరువే కావాలి. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎక్కు."

ఆవిడ ఎక్కి, అమ్మ పాదాలు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. తోక దిగింది, తూకి అనుకున్న చోటికే. పరుపు సమమైంది. అమ్మకి ఊపిరి అందింది.

బండి కదిలింది. అమ్మ తల తూకి మోకాలి పక్కనే ఉంది. ఇంజను మోతలో ఏమీ వినపడదు గానీ, పంట్లాం గుడ్డలోంచి ఊపిరి వెచ్చగా తగులుతోంది.

"తమ్ముడూ, ఊపిరుందా?" మలుపు మలుపుకీ వెనకనుంచి అక్క అడుగుతోంది.

"ఉందక్కా."

గట్టు దారి వచ్చింది. తూకి పళ్ళు బిగించి బండిని గాడుల్లోకి దింపాడు. కిందనుంచి గడ్డి రాసుకున్న చప్పుడు, అంతే. "తగల్లేదమ్మా! తగల్లేదు!" అని అరిచాడు.

తర్వాత మోకాలికి వెచ్చదనం తగల్లేదు. గాలి వల్లనేమోనని అద్దం ఎత్తాడు. అయినా లేదు. ఎదురుగా ఏరు మెరుస్తోంది. చెక్కవంతెన ఇంకా రాలేదు.

"ఊపిరుందా?"

"ఉంది." తల దించితే తెలిసిపోతుంది. దించలేదు.

వంతెన పలకలు గడగడలాడాయి. "ఇప్పుడో?"

"ఉందక్కా, ఉంది." ఏడుపు పైకి తన్నుకొస్తుంటే హారన్ మోగించాడు.

వాకిట్లో పెదనాన్న ఎదురొచ్చాడు. "ప్రాణంతో దాటిందా?"

"దాటాకే పోయింది పెదనాన్నా" అన్నాడు తూకి.

నలుగురూ అమ్మని ఎత్తి, గడప దాటించి, పెద్దల మూలైన ఈశాన్యంలో పడుకోబెట్టడానికి తీసుకెళ్ళారు. తూకి స్టీరింగు వదల్లేక అలాగే కూర్చున్నాడు. వులులూన బండి దిగి, అతని కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏటికి అవతలే పోయింది కదూ?" అంది, అతనికి మాత్రమే వినపడేలా. "నా చేతుల్లో పాదాలు అక్కడే ఒక్కసారి బిగుసుకుని సడలిపోయాయి."

తూకి తలూపాడు. తిడుతుందని తల వంచుకున్నాడు.

"ఇంకెవరితోనూ అనకు" అని, శాలువా తల మీదుగా కప్పుకుని, అమ్మ వెనకే లోపలికి వెళ్ళింది.