అద్దం మీద నుంచి గీకేసిన పేరు

నాలుగేళ్లుగా ఒక అబద్ధం గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఏం చదివానో, ఏ పూట కరెంటు పోయిందో కూడా డైరీలో రాసుకునేదాన్ని, ఇది మాత్రం రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అమ్మానాన్నల విడాకుల కేసు నరసరావుపేట కోర్టులో నడిచింది. నడిచిందనడం తప్పు, వాయిదాల మీద పడుకుంది. ఒకసారి జడ్జిగారు సెలవు. ఒకసారి నాన్న లాయరు రాలేదు. ఒకసారి ఏదో కాగితం తక్కువైంది. ప్రతిసారీ అమ్మ నన్ను కాలేజీ మాన్పించి వెంట తీసుకెళ్లేది. వరండాలో ఆ చివర నాన్న, ఈ చివర అమ్మ, మధ్యలో నేను, పుస్తకంలో అదే పేజీ చూస్తూ. ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయేది.

తగువంతా లారీ గురించి. అమ్మ పెళ్లికి తాతయ్య పసుపు కుంకుమల కింద ఎకరం పొలం ఇచ్చాడు. కూతురికిచ్చేదానికి కాగితాలెందుకని రాయించలేదు. మా వైపు అలా నోటిమాటగా ఇచ్చేవాళ్లు చాలామంది. తర్వాత తాతయ్యే సంతకం పెట్టి ఆ పొలం అమ్మి, డబ్బు నాన్న చేతిలో పెట్టాడు. దాంతో నాన్న దాచేపల్లి నుంచి సిమెంటు తోలే లారీ కొన్నాడు. తాతయ్య పోయాడు. అమ్మ పేరు ఎక్కడా లేదు. గొడవలు ముదిరి అమ్మ పుట్టింటికి రాగానే నాన్న లారీని బాబాయి పేరుకు మార్చేశాడు. కోర్టులో, తను తమ్ముడి దగ్గర జీతానికి తోలే డ్రైవరునన్నాడు.

లారీ ముందద్దం మీద మాత్రం ఇంకా నా పేరే ఉంది. లారీలవాళ్లు పిల్లల పేర్లు రాయించుకుంటారు కదా. ఒక ఆదివారం నాన్న నన్ను లారీ స్టాండుకు రమ్మని, చేతికి బ్లేడిచ్చాడు.

"గీకెయ్ అమ్మడూ."

"నేనా?"

"మరెవురు? స్టిక్కర్లోడిని పిలిస్తే ఊరంతా టముకేస్తాడు. నీకైతే నోరున్నా లేనట్టే గదా."

"అమ్మ పొలం డబ్బు గదా నాన్నా..."

"ఏమే, నువ్వు గూడా లాయరువైనావా? లారీ పోతే నీ ఫీజు ఎవురు కడతారు, మీ అమ్మమ్మా? పేరు కొసన ఆ సున్నా గూడా పోవాల. గట్టిగా గీకు."

గీకాను. శ్రద్ధగా, ఒక్కో అక్షరమూ.

తర్వాతి వాయిదాకు కోర్టు అమ్మానాన్నలిద్దరినీ రాజీకి పంపింది. రాజీ చేయించే మేడమ్ నన్ను ఒంటరిగా లోపలికి పిలిచింది. పిలవమన్నది అమ్మే. మా పిల్ల అబద్ధం చెప్పదు, దాన్నే అడగండి అందట. మేడమ్ లారీ ఎవరిదని అడిగింది. బాబాయిదన్నాను. మీ నాన్నది కాదా అని మళ్లీ అడిగింది. కాదన్నాను.

ఎందుకన్నాను? ఫీజు కోసమా? అలా అనుకుంటే నాకూ కాస్త ఊరట. కానీ ఆ గదిలో ఫీజు గుర్తు రాలేదు. నాన్న మీద ప్రేమా? అదీ కాదు. నిజం చెప్తే బాబాయి మీద ఇంకో కేసు, ఇంకొన్ని కాగితాలు, ఇంకొన్నేళ్లు ఆ వరండా, ఆ బెంచీ, వీళ్ల మొహాలు చూస్తూ కూర్చోవాలి కదా అనిపించింది. విసుగు. అంతే. మా అమ్మకు రావాల్సినదాన్ని నా విసుగు కోసం వదిలేశాను.

లారీ ఆయనది కాదమ్మా, ఇచ్చిందే తీసుకో అని మేడమ్ నచ్చజెప్పింది. నెలకు ఎంతో కొంతకు ఒప్పుకుని అమ్మ సంతకం పెట్టింది. కొన్ని నెలలు నాన్న డబ్బు పంపుతాడు. కొన్ని నెలలు ఫోను స్విచాఫ్.

ఇప్పుడు నేనూ అమ్మా నరసరావుపేటలో ఒక గదిలో అద్దెకుంటున్నాం. మిరపకాయల కాలంలో అమ్మ తొడిమలు తీసే పనికి పోతుంది. మంటలెత్తే చేతులు మజ్జిగలో పెట్టుకుని ఆ మేడమ్‌ని తిడుతుంది. "పిల్ల అంత చెప్పినా ఆవిడ విన్లేదు. ఏం తిన్నదో ఏందో!" పక్కింటి పిన్నికీ ఇదే చెప్తుంది. నా బదులు ఎవరో తిట్లు తింటున్నారు. వినలేక, ఇక ఆపవే అమ్మా అని కసురుతాను. అప్పుడు గొంతు తగ్గించి, "సరేలేమ్మా, ఆ రోజు నీకు చానా కష్టమైంది" అంటుంది.

నా మీద నాకు ఎంత రోత పుడుతుందో ఎలా చెప్పను?

అమ్మకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. ఆ లారీ మా నాన్నది. మా అమ్మ పొలం అమ్మి కొన్నది. తెలిసే కాదన్నాను. ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా అందుతోంది. అదీ చిరాకుగానే ఉంది. తేలిక పడాల్సింది నేను కాదు కదా.