బోనం దించే చోటు

మాణికేశ్వర్ నగర్ పోచమ్మ యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసేది. మధ్యాహ్నాలు తార్నాకలో కమలాదేవిగారింట అంట్లు తోమేది. మెస్సులో ఆమె చేతి అన్నం తిన్న పిల్లలు ఎక్కడైనా ఎదురుపడి పలకరిస్తే, ముందుగా "తిన్నవా బిడ్డా" అని అడిగేది. ఆమె ఒక్కతే కూతురు పద్మశ్రీ కూడా ఆ యూనివర్సిటీలోనే ఎం.ఏ. చదువుతోంది.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. ఒక ఊరేగింపులో టియర్ గ్యాస్ షెల్ ముక్క ఎగిరొచ్చి పద్మశ్రీ ఎడమ కంటికి తగిలింది. చూపు నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. బస్తీలోకి రోజూ ఆ పొగే వస్తోందని కమలాదేవి ఆ పిల్లను తమ ముందుగదిలో పడుకోబెట్టుకుని, వేళ తప్పకుండా కంట్లో చుక్కలు వేసింది. కమలాదేవి వాళ్ళది అమలాపురం దగ్గర. "మనల్ని పొమ్మనే పిల్లకా నువ్వు చాకిరీ చేసేది?" అని చుట్టాలు దెప్పితే, "ముందు దాని కన్ను బాగవనీండి, తరవాత తీరిగ్గా పోట్లాడుకుంటాం" అనేది.

అప్పుడే పోచమ్మ మైసమ్మకు మొక్కుకుంది. బిడ్డ చూపు నిలిస్తే, తాను పుట్టిన గడ్డ మీదికి కాలినడకన వచ్చి బోనం సమర్పిస్తానని. ఆమె పుట్టింది హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న గుడిసెల్లో. అక్కడ వేపచెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి ఒకటుండేది. వాళ్ళకు మైసమ్మ అదే. నెక్లెస్ రోడ్డు పడ్డప్పుడు గుడిసెలు పోయాయి. ఆ తరవాత పోచమ్మ అటు వెళ్ళనే లేదు.

పద్మశ్రీ చూపు నిలిచింది. ఆషాఢం వచ్చింది.

ఆదివారం పొద్దున్నే పోచమ్మ కొత్తకుండలో బెల్లపన్నం వండి, కుండకు పసుపు రాసి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి తలకెత్తుకుంది. ఎత్తుకున్న బోనాన్ని అమ్మవారి ముందే దించాలి. దారిలో నేల తగిలితే మొక్కు చెల్లదని వాళ్ళింటి పట్టింపు. పద్మశ్రీని ఎండలో తిరగొద్దన్నారు కనుక నూనె సీసా పట్టుకుని కమలాదేవి తోడు బయలుదేరింది. "విద్యానగర్ దాకా సాగనంపి బస్సులో వచ్చేస్తాను" అని భర్త సోమయాజులుగారికి చెప్పింది.

క్యాంపస్ గేటు దగ్గర ముళ్ళకంచె అడ్డంగా ఉంది. అక్కడి కానిస్టేబుల్ బోనాన్ని చూసి కంచె పక్కకు లాగాడు. రోడ్డు మీద పడి ఉన్న గాజుపెంకుల్ని బూటుతో తోసేస్తూ, "చెప్పుల్లేవు గదమ్మా, చూసి నడువుండ్రి" అన్నాడు. అమ్మవారు ఎప్పుడు ఎవరి రూపంలో దారి చూపుతుందో మనకేం తెలుసు!

విద్యానగర్ చేరేసరికి బస్సులు లేవు. ఆ రోజు బంద్.

"నువ్వు ఇంటికి పో కమలమ్మా, నేను పోత" అంది పోచమ్మ.

"దీపంలో నూనె ఎవరు పోస్తారే? నీ తల మీద ఉన్నది నీకు కనబడుతుందా?"

అలా ఇందిరా పార్కు దాటారు. ట్యాంక్‌బండ్ మీద గాలికి దీపం రెపరెపలాడితే కమలాదేవి మునివేళ్ళ మీద నిలబడి కొంగు అడ్డం పెట్టింది. ఆ నడకలోనే నెక్లెస్ రోడ్డుకు చేరారు.

బంద్ అయినా అక్కడ సెలవురోజు సందడే. మొక్కజొన్న కంకులు కాలుస్తున్న వాసన, అద్దె సైకిళ్ళ గంటలు, నీళ్ళ మీద పడవలు. పోచమ్మ అటూ ఇటూ చూసింది. ఒడ్డంతా గ్రానైటు, పచ్చగడ్డి, రంగు వేసిన కమ్మీలు.

"మా గుడిసె గీడనే ఉండె... ఏమో, గాడనో. వేపచెట్టు కానొస్తలేదు కమలమ్మా."

కాస్త ముందుకు పోతే ఒక పార్కు. గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "బయటి తిండి లోపలికి తేవద్దమ్మా."

"గిది నా తిండి గాదయ్యా, అమ్మ తిండి."

గార్డు తల గోక్కుని బోర్డు వైపు చూశాడు. "అమ్మ తిండి అని అయితే రాసిలేదు. పోండ్రి."

పార్కు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగారు. రాయి లేదు, చెట్టు లేదు. పొద్దున్నించి పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టని పోచమ్మకు మెడ వణకసాగింది. గట్టు రాయికి కాలు తట్టుకుని ఒక్క తూలు తూలింది.

కమలాదేవి రెండు చేతులా కుండ పట్టుకుంది. "ఇలా ఇయ్యి."

"నువ్వెట్ల మోస్తవమ్మా? తానం చేసినవు సరే, ఒక్కపొద్దు ఉండాలె."

"నువ్వు తినకుండా వస్తుంటే నేను టిఫిను తిని వస్తాననుకున్నావా?"

పోచమ్మ కుండ కింది చుట్టబట్ట తీసి కమలాదేవి తల మీద సర్దింది. బోనం ఒక తల మీది నుంచి ఇంకో తల మీదికి మారింది. జన్మలో తల మీద బిందె కూడా పెట్టుకోని మనిషి, రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది.

గట్టు మీద మెళ్ళో గులాబీ కండువాలతో కూర్చున్న హాస్టలు పిల్లలు పోచమ్మను గుర్తుపట్టారు. "పోచమ్మా, నీ బోనం ఎవరికిచ్చినవే? ఆంటీ, మీది ఏ జిల్లా?"

"అమలాపురం, నాయనా."

"అరె, బోనం గూడ ఆంధ్రోళ్ళే ఎత్తుకపోయిండ్రురా!" అన్నాడు ఒకడు.

అందరూ ఘొల్లుమన్నారు. "బరువుగానే ఉంది, తీసుకుంటావా?" అంది కమలాదేవి మెడ కదపకుండా.

ఆ పిల్లవాడు నాలుక కరుచుకున్నాడు. "మిర్చిబజ్జీలు తిన్న ఆంటీ, నాకు చెల్లదు." లేచి వచ్చి "జరగండి, జర జరగండి" అని జనాన్ని పక్కకు తప్పిస్తూ ముందు నడిచాడు.

పార్కు కొసన ఒక తోటమాలి పైపుతో నీళ్ళు పెడుతున్నాడు. పేరు సామేలు. పోచమ్మ చెప్పిందంతా విని తల ఊపాడు. "ఎర్రమన్ను తెచ్చి అంతా నింపినరక్కా. రాళ్ళు రప్పలు కిందనే పూడినయ్. ఏడని తవ్వుతం?"

పోచమ్మ వంగి గడ్డిని తడిమింది. "మరి నేనేడ దించాలె? నా బిడ్డ కన్ను నిలబెట్టింది తల్లి. బోనం ఎనుకకు తీస్కపోతనా?"

కమలాదేవి తల మీది కుండను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. సామేలు ఆ చేతుల వైపు చూశాడు. సూపర్‌వైజర్ గది వైపు చూశాడు. తరవాత పైపు కింద పడేసి పార తీసుకుని నీటి అంచుకు వెళ్ళాడు. గడ్డిని చాప చుట్టినట్టు చుట్టి పక్కన పెట్టాడు. ఎర్రమన్ను తోడి, ఇంకా లోతుకు తవ్వాడు. అడుగున నల్లటి బంకమన్ను తేలింది.

"గిది పాతదక్కా. బయటినుంచి తెచ్చింది గాదు, చెరువుదే."

పోచమ్మ మోకాళ్ళ మీద కూలబడి ఆ మన్ను రెండు చేతులా తీసి వాసన చూసింది. ముద్ద చేసి నిలబెట్టింది. పసుపు పూసింది, కుంకుమ పెట్టింది. ముద్దకు వేలితో ఒక కన్ను దిద్ది, రెండోది దిద్దబోయి ఆగింది. కొంగుతో వేలు తుడుచుకుని, మెల్లగా, నొప్పి తగలకూడదన్నట్టు అద్దింది.

అప్పుడు లేచి వెళ్ళి, కమలాదేవి తల మీది కుండకు తనూ చేతులు వేసింది. ఇద్దరూ కలిసి బోనాన్ని మైసమ్మ ముందు దించారు. గులాబీ కండువా పిల్లవాడు చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. సామేలు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

ప్రసాదం పెడుతుండగా పోచమ్మ రొంటిన ఉన్న ఫోను మోగింది. పద్మశ్రీ.

"అమ్మా, దించినవా?"

"దించినం బిడ్డా."

"దించినం ఏందమ్మా? ఎవరెవరు?"

"నేను, కమలమ్మ, గీడ ఒక అన్న" అంది పోచమ్మ, సామేలు దోసిట్లో అన్నం పెడుతూ. "నువ్వు కంట్లో సుక్కలు ఏసుకున్నవా?"