ఎర్ర గుర్తు బ్యాటరీ

పాసైంది! నేను తయారుచేసిన చార్జర్ బెంగళూరు ల్యాబ్‌లో అన్ని పరీక్షలూ పాసైంది! మెయిల్ వచ్చి పది నిమిషాలైంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. నాన్న వేలిముద్ర వేసి సోలార్ పార్కుకి లీజుకిచ్చిన భూమి పక్కనే, సెక్యూరిటీ గేట్లన్నిటిలో ఇకపై నా చార్జర్లు ఉంటాయి.

కానీ దీని మొదటి రూపం ఒక మనిషి కన్ను తీసింది. సంతోషంలో ఆ మాట దాచేస్తానేమోనని భయమేసి ఇప్పుడే రాస్తున్నాను.

మూడేళ్ల కిందట, మే నెల. వల్లూరు వైపు గేటు దగ్గర రేకుల గది. గార్డుల వాకీటాకీలకు రెండు రకాల బ్యాటరీ ప్యాకులుండేవి. పాతవి నికెల్ కాడ్మియం, కొత్తవి నికెల్ మెటల్ హైడ్రైడ్. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. బ్యాటరీ నిండగానే దాని వోల్టేజి కాస్త పడుతుంది. చార్జర్ అది కనిపెట్టి కరెంటు ఆపాలి. కాడ్మియంలో ఆ తగ్గుదల బాగా తెలుస్తుంది, హైడ్రైడ్‌లో తెలిసీ తెలియనట్టుంటుంది. కనిపెట్టలేకపోతే కరెంటు పోతూనే ఉంటుంది, ప్యాకు కాలిపోతుంది.

అందుకని నా చార్జర్‌కి ఒక స్విచ్చి పెట్టాను. ఎరుపు వైపు కాడ్మియం, పచ్చ వైపు హైడ్రైడ్. ప్యాకు మీద చుక్క ఏ రంగైతే గార్డు స్విచ్చి ఆ వైపు తిప్పాలి. వేడిని కొలిచే థర్మిస్టర్ కూడా నా డ్రాయింగులో ఉండేది. దాని వైరు మాటిమాటికీ తెగుతోందని పీకేశాను. రంగులున్నాయి కదా అనుకున్నాను.

పాత ప్యాకులకు ఎర్ర చుక్కలు నేనే పెట్టాను. పచ్చ చుక్కలు పెట్టాల్సిన కొత్తవి వచ్చిన రోజు తొందరలో ఉండి, రెండు రంగు డబ్బాలూ గార్డుల ముందు పెట్టి, "గుర్తు పెట్టుకోండప్పా" అని వెళ్లిపోయాను.

రెండో రోజు మధ్యాహ్నం వెళ్తే గేటు దగ్గర హనుమంతప్ప ఉన్నాడు. మా ఊరు రాయచెర్లు మనిషే, నాకు వరసకి చిన్నాయన. మేత భూములు ప్యానెళ్ల కిందికి పోయాక గొర్రెలమ్మేసి గార్డుగా చేరాడు.

"ఏం పాపా, నీ పెట్టెలో సంగటి ఉడుకుతాండాది, చూడు రామ్మా!" అని నవ్వాడు.

"ఏది చిన్నాయనా?"

"ఇదో, నాదే." ప్యాకు పైకి లాగి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "లోపల బుస్సుమంటాండాది గదా!"

"కింద పారెయ్" అనేలోపే అది పగిలి కంట్లోకి చిమ్మింది.

లోపలుండే ద్రవం క్షారం. కంట్లో సున్నం పడినట్టే. ఆయన తువ్వాలుతో రుద్దుకున్నాడు. నేను క్యాను నీళ్లన్నీ పోసి, బైకు మీద పావగడ ఆసుపత్రికి తీసుకుపోయాను. ప్యానెళ్లు కడిగే నీళ్ల ట్యాంకరు పక్క వరసలోనే నిలబడి ఉంది. నాకు తట్టలేదు.

"ఎంతసేపు కడిగారు?" అన్నారు డాక్టరు.

"క్యాను అయిపోయేదాకా సార్."

"క్షారం పడితే అరగంటైనా ఆపకుండా కడగాలి" అన్నారాయన. ఎడమ కన్ను పోయింది.

వారం తర్వాత మంచం పక్కన కూర్చుని అడిగాను. "కొత్తదానికి ఎరుపు ఏల ఏసినావు చిన్నాయనా?"

"కొత్తా పాతా ఏందమ్మా? ఎవురి గొర్రెకి వాళ్ల రంగు. మా మందకి ఎరుపు. రామన్నోళ్లది పచ్చ, ఆయప్ప పచ్చ ఏసుకున్యాడు. గుర్తు పెట్టుకోండి అంటివి గదా?"

అన్నాను. సరిగ్గా అదే అన్నాను. మా గొర్రెలకి నీలం. చిన్నప్పుడు నా చేత్తోనే పూసేదాన్ని.

కాంట్రాక్టరు రిపోర్టులో 'గార్డు అజాగ్రత్త' అని రాశాడు. నాది అప్పటికి టెంపరరీ ఉద్యోగం. దాని కింద నేనూ సంతకం పెట్టాను. ఆ కాగితం చూపించే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

కొత్త చార్జర్‌కి స్విచ్చి లేదు. ప్రతి ప్యాకుకీ ఒక థర్మిస్టర్ స్ప్రింగుతో ఆనుకుని ఉంటుంది. ఏ రకమైనా సరే, వేడి గబగబా పెరిగితే కరెంటు ఆగుతుంది. థర్మిస్టర్ వైరు తెగితే చార్జింగు మొదలే కాదు. ఒకరికి రంగు ఇచ్చేముందు, ఆ రంగుతో వాళ్లు అప్పటికే ఏం పని చేసుకుంటున్నారో అడగాలి. అడిగినా సరే, ప్రాణం మీదికొచ్చే పనిని రంగుకి వదిలేయకూడదు. ల్యాబ్ ఫారంలో 'పాత డిజైను ఎందుకు మార్చారు' అన్నచోట రాశాను: తప్పు గార్డుది కాదు, డిజైను చేసిన నాది. ఆ కాగితం కాపీ రేపు కాంట్రాక్టరు ఆఫీసుకీ ఇస్తాను.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు:

అమ్మ. ప్యానెళ్లు కడిగే షిఫ్టులో ఉంది, ఇప్పుడు ఎత్తదు.
నాగలమడికలో అక్క.
నాకు సోల్డరింగ్ నేర్పిన మేడం.
గేటు దగ్గర రామన్న.
హనుమంతప్ప చిన్నాయన. ఈయనకి చేసేదాకా పైన రాసినవాళ్లెవరికీ చేయను.