లేని రేసు కోసం తొక్కిన మనిషి

గుమాస్తాగారు పోయారని మొన్న మంగళవారం కార్డు వచ్చింది. రాసింది ఆయన భార్య. గుడివాడ పక్కన వాళ్ల ఊళ్లో, పొద్దున కాఫీ తాగి అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. "మీ సారు చివరిదాకా ఆ సైకిల్ రేసు మాట చెబుతూనే ఉన్నారు తమ్ముడూ. గవర్నమెంటు వాళ్లు దాన్ని రద్దు చేయకపోతే ఎంత బాగుండేదో" అని కార్డు చివర ఇరికించి రాసింది.

అది చదివిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. ఇంట్లో కూర్చోలేను, దుకాణంలో నిలబడలేను. కోచింగ్ పిల్లలు జిరాక్సుకిచ్చిన కాగితాలు ఒకరివి ఒకరికి ఇచ్చేస్తున్నాను. ఎందుకంటే ఆ రేసును రద్దు చేసింది గవర్నమెంటు కాదు. అసలు ఆ రేసు లేనే లేదు. దాన్ని పుట్టించింది నేను. ఇన్నేళ్లూ ఈ సంగతి మొదటి నుంచి చివరిదాకా ఇద్దరికే తెలుసు. అందులో ఒకరు పోయారు. రెండోవాడి నోరు ఎలాంటిదో దిల్‌సుఖ్‌నగర్‌లో అందరికీ తెలుసు గనక ఇక దాచి లాభం లేదు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి నాకు ఇరవై ఏళ్లు. పి.యు.సి. ఒకసారి తప్పి రెండోసారి కూర్చున్నాను. ఆ ఏడు కాలేజీలు మూతపడ్డాయి. మళ్లీ తెరిచాక నేను పోలేదు. నా చదువు ఉద్యమంలో పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటాను. నిజానికి లెక్కల్లో పోయింది.

మా ఇల్లు ఇప్పటి మెయిన్ రోడ్డుకు వెనక, రెండు వాటాలుగా ఉండేది. పక్క వాటాలో ఆయన కిరాయికి దిగారు. కృష్ణా జిల్లా మనిషి, సర్కారు ఆఫీసులో గుమాస్తా, ముప్పై అయిదు దాటి ఉండవు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ఒక సీమ సైకిలు. ఈ నలుగురిలో ఎక్కువ సేవ సైకిలుకే జరుగుతుందని ఆమె అనేది. ఆమెను నేను అక్కా అనేవాణ్ణి. ప్రతి ఆదివారం పొద్దున నాలుగున్నరకు ఆయన ప్యాంటు అంచులకు క్లిప్పులు బిగించి, నానబెట్టిన శనగలు రుమాల్లో మూటగట్టుకుని విజయవాడ రోడ్డు పట్టేవారు. పెద్ద అంబర్‌పేట్ దాకా పోయి వచ్చేవారు. వచ్చేటప్పుడు పాలు తేలేదు, కూర తేలేదు, ఎవరినీ పలకరించి రాలేదు.

ఉండబట్టలేక మా నాయన ఒకసారి అడిగాడు. "ఏం పని మీద పోతున్నరు సారూ?"

"పనేం లేదండీ. ఊరికే తొక్కుదామని."

మా బస్తీలో సైకిలంటే పాల క్యాన్లకు, గడ్డిమోపుకు, మరీ అయితే పెండ్లాన్ని దవాఖానకు తీసుకుపోవడానికి. పని లేకుండా పోనూ రానూ పద్దెనిమిది మైళ్లు తొక్కి, చెమటతో తిరిగొచ్చి, లాటరీ తగిలినవాడిలా నవ్వే మనిషిని మేము అంతకుముందు చూడలేదు. నాకైతే ఓర్వలేనితనం పట్టుకుంది. మనిషి అంత దండగ్గా అంత సంతోషంగా ఉంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మలక్‌పేటలో టైపు నేర్చుకునే దోస్తు ఒకడుండేవాడు. వాడి చేత ఇంగ్లీషులో ఒక ఉత్తరం కొట్టించాను. హైదరాబాద్ నుంచి విజయవాడకు సైకిల్ రేసు. రెండు రోజులు. రాత్రికి సూర్యాపేటలో మకాం. ఉద్యోగస్తులు కూడా పాల్గొనవచ్చు. ఫలానా ఆదివారం మూసారాంబాగ్ వంతెన దగ్గర మొదలు. లేని సంఘానికి లేని కార్యదర్శి సంతకం నేనే గీకాను. ఆ పొద్దున వంతెన దగ్గర ఆయన క్లిప్పులు పెట్టుకుని ఒంటరిగా నిలబడితే, మేము నలుగురం గోడ చాటు నుంచి చూసి నవ్వుకోవాలి. అంతే, అక్కడితో సరి.

ఉత్తరం అందిన సాయంత్రం ఆయన మా వాటాలోకి వచ్చారు. కాగితాన్ని మడత నలగకుండా రెండు చేతులతో పట్టుకున్నారు. కుర్రతనం నుంచీ ఇలాంటిది ఒక్కటి తొక్కాలని ఉండేదని, సంసారంలో పడి వదిలేశానని మా నాయనతో చెప్పారు. ఇంకో మాట కూడా అడిగారు. ఒక్కడే తొక్కితే వేగం తెలియదట, తోడుగా నన్ను పంపమన్నారు. రోడ్లు కొలిచేవాడికి ఇదైనా ఒక పని అని మా నాయన తన సైకిలు నాకు అప్పగించాడు. అలా, నేను కల్పించిన రేసుకు నేనే తర్ఫీదు కావలసి వచ్చింది.

ఆ తర్ఫీదు సంగతి చెప్పాలి. ఇప్పుడు ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సులు ఒకదాని మీద ఒకటి ఎక్కేటట్టు నిలబడే చోట అప్పట్లో జొన్న చేలు, సీతాఫలం పొదలు. అక్కడి దాకా ఆయన నన్ను ముందుండనిచ్చేవారు. అక్కడి నుంచి గాలి ఎదురు కొడుతుంది గనక ఒక మైలు ఆయన ముందు, ఒక మైలు నేను. వెనకవాడు ముందువాడి నీడలో ఊపిరి తీసుకోవాలి. నా వంతు వచ్చినప్పుడు ఆయాసం నటించి వెనక్కి జారేవాణ్ణి. ఆయన ఏమీ అనకుండా నా మైలు కూడా తనే తొక్కేవారు. నాలుగు ఆదివారాలు అలా చేసి, అయిదోసారి నాకే సిగ్గేసింది. హయత్‌నగర్ ముందరి ఎక్కుడులో సీటు మీంచి లేచి తొక్కడం ఆయనకు నచ్చదు. "మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగంతో తొక్కితే ఎంత దూరమైనా పోవచ్చోయ్. నువ్వు నోరు మూసుకోలేవు గనక చాలా దూరం పోతావు" అనేవారు. పెద్ద అంబర్‌పేట్‌లో దిగి శనగలు సగం సగం పంచేవారు. గింజ ఎక్కువైతే అది నాకే.

రేసు తేదీ ఇంకా రెండు వారాలుందనగా ఉద్యమం రాజుకుంది. నాకు పండగే. పరిస్థితులు బాగాలేనందున రేసు వాయిదా అని రెండో ఉత్తరం కొట్టించాను. ఎండాకాలంలో మూడోది. ఆయన రెండింటినీ నమ్మారు. నమ్మడానికి కారణాలు రోజూ పేపర్లో పడుతున్నాయి మరి. బందు రోజుల్లో లారీ లేదు, బస్సు లేదు, విజయవాడ రోడ్డంతా మా ఇద్దరిదే. ఊరంతా పరేషాన్‌గా ఉంటే ఆయన మాత్రం ఇంత మంచి రోడ్డు మళ్లీ దొరకదని మురిసేవారు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆదివారం పొద్దున ఆయన చక్రం వెనక తొక్కేవాణ్ణి, సాయంత్రం ఆయనలాంటి వాళ్ల ఉద్యోగాలు మనకు రావాలని ఊరేగింపులో అరిచేవాణ్ణి. రెండూ మనస్ఫూర్తిగానే చేశాను. ఒకరోజు ఊరేగింపు మా సందులోంచే పోయింది. ఆయన వరండాలో నిలబడి ఉన్నారు. నేను చూసీ చూడనట్టు పిడికిలెత్తి అరిచాను. తర్వాతి ఆదివారం ఎక్కుడులో ఆయనే ఆ మాట తీశారు. "గొంతు బాగుంది. కానీ ఊపిరి పైపైన తీస్తున్నావు. కడుపులోంచి తియ్యి, రెండు గంటలు అరిచినా బొంగురు పోదు." వెక్కిరింపేమో అని మొహం చూశాను. కాదు, నేర్పుతున్నారు.

వానాకాలం వచ్చేసరికి నవ్వులాట నా చేయి దాటింది. ఎవరో విసిరిన రాయి వాళ్ల వాటా కిటికీ అద్దం పగలగొట్టుకుని పిల్లల పక్క మీద పడింది. పిల్లలకు తగలలేదు. ఆయన ఆఫీసులో, సొంత జిల్లాలకు పోదలచిన వాళ్లు అర్జీ పెట్టుకోవచ్చన్నారు. తోటివాళ్లు చాలామంది పెట్టేశారు. ఈయన పెట్టలేదు.

రాయి పడ్డ మూడో రోజున అక్క మా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నన్ను పిలిచింది. "తమ్ముడూ, ఆ రేసు ఎప్పుడో కాస్త కనుక్కోవా? అది అయ్యేదాకా కదలనంటున్నారు. నాకు పుట్టింటి వాళ్లున్నారు, ఆయనకు అక్కడా ఉద్యోగం ఉంటుంది, అయినా ఆ ఒక్కదాని కోసం కూర్చున్నారు. పిల్లలు కిటికీకి పరుపు అడ్డం పెట్టుకుని పడుకుంటున్నారు. నువ్వు చెబితే వింటారేమో."

కనుక్కుంటా అక్కా అన్నాను. నా కాగితం ముక్క ఒక సంసారాన్ని రాళ్ల కింద కూర్చోబెట్టింది. నిజం చెబితే ఆయన వెళ్లిపోతారు. వెళ్లే ముందు నా మొహాన ఉమ్మేసి మరీ వెళ్తారు. చెప్పకపోతే ఆదివారాలు మిగులుతాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మూడు ఆదివారాలు చెప్పకుండా తొక్కాను. ఎప్పుడూ లేనిది ఎక్కుడులో కూడా నా నోరు పెగల్లేదు. ఒంట్లో బాగాలేదా అని ఆయన నా నుదురు పట్టి చూశారు.

నాలుగో ఆదివారం తిరిగొస్తుంటే జొన్న చేల దగ్గర రోడ్డుకు అడ్డంగా తుమ్మ కంపలు వేసి పదిమంది నిలబడి ఉన్నారు. అందులో సగం నా వెంట ఊరేగింపుల్లో తిరిగినవాళ్లే. ఒకడు ఆయన హ్యాండిల్ పట్టుకుని ఏ ఊరని అడిగాడు. ఆయన అబద్ధం ఆడలేదు. నేను మధ్యలో దూరాను. మా ఇంట్ల ఉంటడు, మా మనిషే, జర జరుగుండ్రి అని గడ్డం పట్టుకుని బతిమాలాను. నా మొహం చూసి ఆయన్ని ఏమీ చేయలేదు. రెండు సైకిళ్లకూ గాలి తీసి, వాల్వులు చేలోకి విసిరి పంపించారు.

నడుస్తున్నాం. రిమ్ము చెడిపోతుందని ఆయన సైకిలు భుజాన వేసుకున్నారు. ఆ భుజం చూస్తూ ఇంక ఆగలేకపోయాను.

"సార్, రేసు లేదు. ఆ ఉత్తరం నేనే రాయించిన. ఊకె నవ్వులాటకు."

ఆయన నడక ఆపలేదు. "రెండోది?"

"అది గూడ నేనే. మూడోది గూడ."

నాలుగడుగులు వేసి నిలబడ్డారు. "సూర్యాపేటలో మకాం కూడా లేదన్నమాట."

"లేదు సార్. మీరు అర్జీ పెట్టుండ్రి. అక్క భయపడుతుంది."

ఆయన తిట్టలేదు, కొట్టలేదు. సైకిలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని ఇల్లు చేరేదాకా నడిచారు. సోమవారం అర్జీ పెట్టారు. ఇంట్లో మాత్రం, గవర్నమెంటు వాళ్లు రేసు రద్దు చేశారని చెప్పారు. నా పేరు ఎత్తలేదు. ఆ సాయంత్రం అక్క నా చేతిలో ఇన్ని జంతికలు పెట్టి, నువ్వు కనుక్కోబట్టి తేలింది తమ్ముడూ అంది. వాటిని ఎట్లా తిన్నానో నాకే తెలుసు. అక్కా, ఇది అచ్చయిన పేపరు మీ ఊరు వచ్చి నువ్వు చదివితే, తిట్టాల్సిందంతా కార్డు మీద రాసి పంపు. కార్డు చాలకపోతే కవరు వాడు.

తర్వాత రెండు ఆదివారాలు ఆయన ఎప్పటిలా నా కిటికీ మీద తట్టి లేపలేదు. నాకు మాత్రం నాలుగున్నరకు మెలకువ వచ్చేది. పక్క వాటాలో ఆయన కూడా లేచి తిరుగుతున్న చప్పుడు వినబడేది. ఇద్దరం గోడకు అటొకరం ఇటొకరం, తెల్లారేదాకా.

బదిలీ కాగితాలు వచ్చాయి. అక్కనూ పిల్లలనూ ఆమె తమ్ముడు వచ్చి రైలెక్కించాడు. సామాను లారీలో పోయింది. ఖాళీ వాటాలో ఆయన, సైకిలు మిగిలారు. శనివారం సాయంత్రం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"రేపు నాలుగున్నరకు."

"యాడికి సార్?"

"బెజవాడ. ఎనిమిది నెలలు తొక్కించావు. ఊరికే పోతుందా?"

గొడవలు కాస్త సద్దుమణిగాయి. అయినా ఒంటరిగా అంత దూరం వద్దని మా నాయన చెప్పి చూశాడు. ఆయన వినలేదు. మూడో రోజుకు క్షేమంగా చేరినట్టు తర్వాత కార్డు వచ్చింది. సూర్యాపేటలో ఒక బడి వరండాలో పడుకున్నారట. ఆ పైన ఏడాదికో కార్డు. నేను రెండుసార్లు వాళ్ల ఊరు పోయి వచ్చాను. అరవై దాటాక కూడా కాలవ గట్టు మీద పొద్దున్నే తొక్కుతూ కనబడ్డారు. ఇవన్నీ గుర్తున్నాయి గానీ, కార్డు వచ్చిన ఈ వారం రోజులుగా నా కళ్ల ముందు తిరుగుతున్నది మాత్రం ఆ ఒక్క ఆదివారమే.

పెద్ద అంబర్‌పేట్ దాటి నేనెప్పుడూ తొక్కలేదు. ఆ రోజు చౌటుప్పల్ దాకా పోయాను. ఒక మైలు ఆయన, ఒక మైలు నేను. నా వంతు ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. ఊరు దాటాక ఆయన సైకిలు దిగారు. మీ నాన్నగారికి సైకిలు కావాలి, ఇంక వెనక్కి పొమ్మన్నారు. నేను కాళ్లు పట్టుకోబోతే భుజం పట్టి లేపారు.

"రేసుకు పోయేవాడికి వీపు మీద నెంబరు ఉండాలోయ్. ఉత్తరంలో ఆ ముక్క రాయించలేదు నువ్వు."

రాత్రి వాన పడి రోడ్డు పక్కన ఎర్రమన్ను ముద్దగా ఉంది. వేలు ముంచాను. ఒకటి వేయబోయాను.

"ఒకటి వద్దు. ఒక్కణ్ణే పోతున్నట్టుంటుంది. పదిహేడు వెయ్యి."

ఆయన తెల్ల చొక్కా మీద, వెన్నుకు అటొకటి ఇటొకటి, రెండంకెలు వేశాను. ఆయన ఎక్కి కూర్చున్నారు. ముందు రోడ్డు చాలా దూరం దాకా సూటిగా ఉంది. చింతచెట్ల నీడల్లోకి పోతూ ఎండలోకి వస్తూ ఆ ఎర్రటి పదిహేడు చిన్నదైపోతోంది. ఎక్కుడు మొదలయ్యే చోట ఆయన ఒకసారి తల తిప్పి చూశారు. నేను చెయ్యెత్తాను. కానీ ఆయన చూసింది నన్ను కాదు. మిగతా పదహారు మందీ ఎంత దూరంలో ఉన్నారా అన్నట్టు, నాకు వెనకాల రోడ్డంతా ఒకసారి పారజూసి, హ్యాండిల్ మీదికి వంగి గట్టిగా తొక్కడం మొదలుపెట్టారు.