వేలు దూరని బూట్లు

"బూట్లు తొడుక్కోండి."

"నాలుగడుగులకి బూట్లెందుకే. ఇప్పుడే వస్తా."

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. చెత్తడబ్బా రోడ్డు అంచుకి లాగిపెట్టడానికి ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులతోనే వెళ్ళాడు. ముందురోజు కురిసిన మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, అద్దంలా ఉంది. చప్పుడు విని నేను తలుపు తీసేసరికి ఒక చెప్పు అడుగు వేసిన చోటే బుద్ధిగా ఉంది. మనిషి మాత్రం పక్కన వెల్లకిలా ఉన్నాడు. ఆ తర్వాత లేవలేదు.

అప్పటినుంచీ మా ఇంట్లో ఎవరూ "ఇప్పుడే వస్తా" అనరు. అనొద్దని నేను చెప్పలేదు. నా మొహం చూసి వాళ్ళే మానేశారు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అన్నయ్య కూతురు రమ రాస్తోంది. మా అన్నయ్యే మమ్మల్ని ఈ దేశం రప్పించాడు. మా ఆయన ఇక్కడ ఇండియన్ కొట్టు వెనక వంటగదిలో ఇడ్లీపిండి రుబ్బేవాడు. ఆయన పోయాక ఫార్మింగ్టన్ హిల్స్‌లో రమ ఇంట్లోనే ఉంటున్నాను. రమ కూతురు నిత్యకి పద్నాలుగేళ్ళు, నన్ను అమ్మమ్మా అంటుంది. మన సంఘం పత్రికలో అందరూ నయాగరా గురించీ, ఫ్లోరిడా గురించీ రాస్తారు. స్కీయింగ్‌కి వెళ్ళొచ్చిన ముసలిదాని మాట కూడా ఎవరికైనా పనికొస్తుందేమోనని రమ రాయడానికి కూర్చుంది.

కార్ల కంపెనీల్లో అంతమంది ఉద్యోగాలు ఊడిన తర్వాతి చలికాలం అది. ఫిబ్రవరి నెల. నిత్య స్కూల్లో స్కీ క్లబ్బు పెట్టారు. పిల్ల చేరతానంది. మంచు మీద కావాలని జారడమేమిటి, వద్దన్నాను. చివరికి రమ మధ్యేమార్గం చూసింది. క్లబ్బుతో పంపేముందు ఒక శనివారం మనమే తీసుకెళ్ళి చూద్దామంది. నేనూ వస్తానన్నాను. ఇంట్లో కూర్చుని ఫోను వంక చూడటం కంటే కొండ దగ్గర నిలబడి భయపడటమే నయమనిపించింది.

ఎప్పుడో ఓసారి జారేవాళ్ళు స్కీలు, అదే కాళ్ళకి తగిలించుకునే పొడుగాటి పలకలు, కొనక్కర్లేదట, అక్కడే అద్దెకి తీసుకోవచ్చట. బూట్లు మాత్రం సొంతవైతే మంచిదని రమకి ఆఫీసులో ఎవరో చెప్పారు. దాంతో ముందు శనివారం స్కూలు జిమ్‌లో పెట్టిన పాత సామాను అమ్మకానికి వెళ్ళాం. బల్లల నిండా ప్లాస్టిక్ బూట్లు. ఒక్కోటి ఇనప్పెట్టె బరువుంది. నిత్య తొడుక్కుంది. మా అమ్మ నాకూ, నేను రమకీ కొన్న పద్ధతిలోనే మడమ వెనక నా చూపుడువేలు దూర్చి చూశాను. హాయిగా దూరింది. పెరిగే పిల్ల, వచ్చే ఏడాదికీ పనికొస్తాయి, రెండు జతల మేజోళ్ళు వేస్తే సరిపోతుంది అన్నాను. రమకీ నచ్చింది. ఇరవై డాలర్లకి బేరం అయిపోయింది.

తర్వాతి శనివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. రమ భర్తకి ఆ రోజు ప్లాంటులో డ్యూటీ, అందుకే ముగ్గురమే. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో కాఫీ. డెబ్బై అయిదో నంబరు రోడ్డెక్కి ఉత్తరానికి పోవడమే, మలుపుల్లేవు. సాగినా ఊరు దాటేదాకా చీకటే. తెల్లారాక చూస్తే రెండువైపులా చెట్లన్నీ మంచు మోస్తున్నాయి. ఏడున్నరకి ఒక గ్యాస్ స్టేషన్‌లో ఆగాం. బాత్రూమ్ శుభ్రంగా ఉంది. అక్కడ కౌంటరు దగ్గరి పెద్దావిడ నా చీర, పైన కోటు, కింద మంచులో జారకుండా ముళ్ళ అట్టలు కట్టిన బూట్లు చూసి, ఎంత దూరం అని అడిగింది. కొండకి అని రమ చెప్పింది. "మీరు కూడా జారతారా?" అంది నవ్వుతూ. రమ తెలుగులో చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

తొమ్మిదింటికల్లా కొండ కనబడింది. చీమల్లాంటి మనుషులు పైనుంచి కిందికి రాలుతున్నారు. తీగకి వేలాడే కుర్చీల్లో మరికొందరు పైకి పోతున్నారు. కాళ్ళ కింద ఏమీ లేదు.

అద్దె షాపులో చిన్న స్కీలు ఇచ్చారు. నిలబెడితే పిల్ల గడ్డం దాకా వచ్చాయి. కొత్తవాళ్ళకి పొట్టివే మంచివట, తిప్పడం సులువట. హెల్మెట్టూ అక్కడే తీసుకున్నాం. కౌంటరు వెనక కుర్రాడు పిల్ల బరువెంత అని అడిగాడు. అందరి ముందూ చెబితే దిష్టి తగులుతుందని, కాస్త తగ్గించి చెప్పమని రమ చెవిలో అన్నాను. రమ ఉన్నదున్నట్టే చెప్పింది. బూటుని స్కీకి పట్టి ఉంచే కొక్కేన్ని ఆ బరువుని బట్టే బిగిస్తారట. తక్కువ చెబితే ఊడకూడని చోట ఊడుతుంది, ఎక్కువ చెబితే పడ్డప్పుడు కూడా ఊడక కాలు మెలిపడుతుంది. మీరు వెళితే ఈ ఒక్క చోట దిష్టి సంగతి మర్చిపోండి. బూట్ల సంగతి మాత్రం అతను అడగలేదు, సొంతవి కదా అని మేమూ చెప్పలేదు.

పదింటికి పాఠం. చిన్న వాలు, దానికో పక్క కంచె. పైకి వెళ్ళడానికి ఎయిర్‌పోర్టులో సామాను వచ్చే పట్టీ లాంటిది ఉంది, దాని మీద నిలబడితే చాలు. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. ముళ్ళ అట్టలున్నా రెండో చెయ్యి రమ భుజం మీదే ఉంది.

మిగతా పిల్లలు రెండుమూడుసార్లు పడి, తిప్పడం నేర్చేసుకున్నారు. నిత్య తిరగడం లేదు. ఎడమకి పోవాలని మోకాలు తిప్పుతుంది, స్కీ మాత్రం తిన్నగానే పోతుంది. పాఠం చెప్పే అమ్మాయి పక్కన ఉన్నంతసేపూ ఫరవాలేదు. ఆ అమ్మాయి ఇంకో పిల్ల వైపు తిరిగిందో లేదో, మా పిల్ల నేరుగా కంచె మీదికి, నా మీదికి వచ్చేస్తోంది. కంచెకి బారెడు దూరంలో పక్కకి కూలబడింది. ఒక స్కీ ఊడి దూరంగా పోయింది.

నేను ఆ మంచులోనే కూర్చుండిపోయాను. ఏం తగల్లేదంటోంది పిల్ల. నా కళ్ళు మాత్రం దాని కాలి మీదే ఉన్నాయి. పడేటప్పుడు చూశాను. లోపల మడమ లేచింది, కాలు తిరిగింది, బూటు తిరగలేదు. రబ్బరు చెప్పు నడిచిన చోటే ఉండిపోయి, మనిషి పక్కన పడి ఉండటం నేను ఒకసారి చూసినదాన్ని. చేతి తొడుగు ఊడదీసి బూటు వెనక వేలు దూర్చాను. దూరింది. రెండో బూటులోనూ దూరింది.

"ఈ బూట్లు వద్దు," అన్నాను.

"వచ్చే ఏడాదికీ రావాలన్నది నువ్వేగా అత్తా," అంది రమ.

"వచ్చే ఏడాది కాళ్ళకి వచ్చే ఏడాది చూద్దాం. ఇవాళ్టి కాలికి ఇవాళ్టి బూటు తేవే."

మళ్ళీ అద్దె షాపుకి. ఈసారి రెండు జతల మేజోళ్ళూ తీయించి, ఒకే పల్చటి ఉన్ని జత వేయించాం. మొదటి జత బూట్లు వదులు, రెండోవీ కాస్త వదులే. మూడోవి తొడిగేసరికి పిల్ల మొహం ముడుచుకుంది.

"టూ టైట్, అమ్మమ్మా."

"నొప్పా, బిగుతా?"

పిల్ల ఆలోచించింది. "బిగుతు."

"వేళ్ళు కదుల్తాయా?"

"కదుల్తుంది."

మోకాళ్ళు ముందుకి వంచమన్నాను. వంచగానే ముందు తగులుతున్న వేళ్ళు కాస్త వెనక్కి జరిగాయంది. మడమ ఎత్తమంటే ఎత్తలేకపోయింది. నేను వేలు పెట్టి చూశాను. గోరు కూడా పోలేదు. నా జన్మలో పిల్లలకి బిగుతు చెప్పులు కొనివ్వలేదు, బిగుతంటే కరుస్తాయి, పుండ్లు పడతాయి. ఇక్కడ బిగుతే కావాలి. బూటు మారింది కాబట్టి స్కీ మీద కొక్కెం కూడా మళ్ళీ సరిచేయించాలి. ఇది మర్చిపోవద్దు.

పన్నెండున్నరకి భోజనాల హాల్లో చోటు దొరికింది. మా బల్ల దగ్గరికే ఒక తెలుగమ్మాయి వచ్చి కూర్చుంది, వరంగల్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిందట. కింది నుంచి నడుం దాకా తడిసిపోయింది. జీన్స్‌తో వచ్చింది పాపం. "ఆంటీ, నా ప్యాంటు చూడున్రి, విప్పి నిలవెడితే మనిషిలెక్క నిలవడ్తది," అంది. పులిహోర పెట్టాను. నూలు బట్ట నీళ్ళు పీలుస్తుందని, నీరు దిగని ప్యాంటు లేనివాళ్ళు అది కూడా అద్దెకి తీసుకోవాలని ఆ పిల్లని చూసి తెలుసుకున్నాను. ఎన్నిసార్లు పడ్డావమ్మా అంటే, పడకుంట ఉన్నదే రెండుసార్లు ఆంటీ అంది. నిత్య పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పొద్దున్నించీ అదే మొదటిసారి.

మధ్యాహ్నం నిత్య తిరగడం నేర్చింది. ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. రెండు గంటలకి పాఠం చెప్పే అమ్మాయి వచ్చి, ఇక కుర్చీ ఎక్కొచ్చు, నేనూ పక్కనే ఉంటాను అంది. కొండ పైనుంచి కిందిదాకా. రమ నా వైపు తిరిగింది.

"అత్తా, నువ్వు వద్దంటే వద్దు."

నిత్య హెల్మెట్టు బకిల్ పట్టుకుని నా నోటివంకే చూస్తోంది. వద్దనాలనే ఉంది. ఒక్క మాట చాలు. కారెక్కి ఇంటికి పోవచ్చు. కానీ సోమవారం పిల్ల స్కూలుకి వెళుతుంది. శుక్రవారం క్లబ్బు బస్సు ఎక్కుతుంది, నేను వెంట ఉండను. అప్పుడు దాని బూటు వెనక వేలు పెట్టి చూసేదెవరు? కిందికి వంగి రెండు బూట్లూ చూశాను. బకిళ్ళు చూశాను. వేలు దూరలేదు.

"వెళ్ళు," అన్నాను. "నీ బూట్లు నువ్వే చూసుకోవడం నేర్చుకో. ఎక్కేముందు ప్రతిసారీ."

పిల్ల పక్కకి జరుగుతూ, చెయ్యూపి అంది: "ఇప్పుడే వస్తా, అమ్మమ్మా."

దాని తప్పు కాదు. దానికి వచ్చిన తెలుగే గుప్పెడు. రమ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. కుర్చీ పిల్లని ఎత్తుకుని పోయింది.

ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. కంచె మీద చేతులు తిమ్మిరెక్కాయి. పైనుంచి వచ్చే ప్రతివాళ్ళకీ హెల్మెట్టే, ప్రతివాళ్ళకీ కళ్ళద్దాలే. ఎవరు మన పిల్లో ఎట్లా తెలుస్తుంది? దెబ్బ తగిలినవాళ్ళని కిందికి దించే ఎర్రకోట్లవాళ్ళిద్దరు చక్రాల్లేని ఒక బండి మీద ఎవరినో పడుకోబెట్టి, పట్టీలు కట్టి, లాక్కుంటూ దిగారు. దుప్పటి మెడ దాకా ఉంది. నేను కంచె వదిలేసి అటు నడిచాను, ముళ్ళ అట్టల సంగతి కూడా మర్చిపోయి. బండి మీద ఉన్నది గడ్డం ఉన్న మగమనిషి. నాకు సిగ్గులేకుండా సంతోషమేసింది. రమ ఇక్కడ రాయడం ఆపింది. రాయవే, ఫరవాలేదు, అట్లాగే అనిపించింది.

మళ్ళీ తలెత్తేసరికి వాలు మీద ఒక పిల్ల వస్తోంది. నమస్కారం పెట్టినట్టు స్కీల ముందు కొసలు దగ్గర పెట్టి, మెల్లగా, ఎడమకి, మళ్ళీ కుడికి. కాలు ఎటు తిరిగితే స్కీ అటు తిరుగుతోంది. నాకు రెండు బారల దూరంలో ఆగింది. కళ్ళద్దాలు పైకి లేపింది.

"వచ్చా," అంది.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. బూట్లు విప్పితే పిల్ల పిక్కల మీద ఎర్రటి చారలు. పుండ్లు లేవు. నిత్య వెనక సీట్లో నిద్రపోయింది. ఇరవై డాలర్ల బూట్లు డిక్కీలో అటూ ఇటూ దొర్లుతున్నాయి. దారంతా మంచు పడుతూనే ఉంది, రమ మెల్లగా డ్రైవ్ చేసింది. నాకు భయం పోయిందని చెప్పను. క్లబ్బు బస్సు వెళ్ళే ప్రతి శుక్రవారం సాయంత్రం అది తిరిగొచ్చేదాకా నేను కిటికీ దగ్గరే కూర్చుంటాను. కాకపోతే భయపడటానికి ఇప్పుడు నా దగ్గర ఒక పని ఉంది. మీరు వెళ్ళినా ఆ పనే చేయండి. స్కీలు ఎట్లాంటివైనా సర్దుకోవచ్చు, బూటు దగ్గర సర్దుకోవద్దు. ఒకే జత మేజోళ్ళు, బరువు ఉన్నదున్నట్టు చెప్పడం, మడమ వెనక వేలు పెట్టి చూడటం. దూరితే వెనక్కి ఇచ్చేయండి.

చెప్పాల్సింది అయిపోయింది. రమా, ఇప్పుడు మొదట్నుంచీ చదివి వినిపించు. పైన మీ మావయ్య మాట దగ్గర నా మొహం చూసి ఆగిపోకు. పిల్ల వచ్చేదాకా చదువు.