రెండు దాటాక వచ్చే ఆయాసం

1999 జూన్‌లో మాదాపూర్‌లోని ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో నన్ను ప్రూఫ్ రీడర్‌గా వేశారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. యంత్రాలు వినడం నేర్చుకున్న ఏడాదే నన్ను రిటైర్ చేశారు కాబట్టి, ఆ పనేమిటో కాస్త చెప్పాలి. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి, ఆ వివరాలు ఫోనులో గబగబా చెప్పి పెట్టేసేవారు. ఆ రికార్డింగులు మాకు చేరేవి. ట్రాన్స్‌క్రిప్షనిస్టు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద కుట్టుమిషను తొక్కుడులాంటి పెడల్‌తో ఆపుతూ, వెనక్కి తిప్పుతూ టైపు చేసేవాడు. అందులో తప్పులు పట్టడం నా ఉద్యోగం. చదివింది బీకాం. అయినా నెల తిరక్కుండా కాలేయం గురించి మేనమామ గురించి మాట్లాడినంత చనువుగా మాట్లాడేవాణ్ని.

మాకు ఒకటే శాసనం: వినబడనిది ఊహించి రాయకూడదు. గీత గీసి ఖాళీ వదలాలి. ఖాళీకి కొంచెం మార్కు పోతుంది. ఊహించి నింపితే ఫైలే ఫెయిల్.

మా ట్రాన్స్‌క్రిప్షనిస్టుల్లో ఒకడైన ఓబులేసన్న అంతకుముందు నంద్యాలలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాడు. కంప్యూటర్లు వచ్చి దాన్ని మూయిస్తే, ఆ కంప్యూటర్ల దగ్గరికే కొలువుకు వచ్చాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. కొండాపూర్‌లో కిరాయి ఇల్లు, భార్య, ఇద్దరు పిల్లలు. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఇంకా మూడు వారాలు మిగిలుండగా దగ్గు, ఆయాసం, గొంతు బొంగురు పట్టుకున్నాయి. ముగ్గురు డాక్టర్లకు చూపించాడు. ముగ్గురూ ఆస్తమా అన్నారు, ఏసీ పడలేదన్నారు, పీల్చే మందు రాశారు. మా హాలులో ఏసీ మనుషుల కోసం కాదు, కంప్యూటర్ల కోసం. దాన్ని ఆపడం కంటే ఓబులేసన్నను ఆపడం తేలిక.

హెచ్ఆర్ అధికారి ఆ మాటే మర్యాదగా చెప్పారు. "నాకు మీ ఊపిరితిత్తులతో పనిలేదండీ. ఏసీలో పనిచేయగలరని డాక్టర్ సర్టిఫికెట్ తెండి. లేదంటే కన్ఫర్మ్ చెయ్యను."

ఓబులేసన్న రాజీనామా కాగితం టైపు చేసి పెట్టుకున్నాడు. ఒక్క తప్పు లేదు. నేనే చూశాను.

ఆ వారం ఆయన ఫైళ్లు దిద్దుతుంటే ఒక సంగతి కనబడింది. పొద్దుటి ఫైళ్లలో ఖాళీలు రెండో మూడో. రెండు గంటలు దాటాక చేసినవి మాత్రం జల్లెడలు. దగ్గు తెరలో మాట వినబడక వదిలేసినవి.

"అన్నా, ఏసీ పొద్దుగాల ఉండదా? రెండింటికే వస్తదా?" అన్నాను.

"ఏమోబ్బా. పెద్ద డాక్టరువు నువ్వే చెప్పు."

"రెండింటికి ముందు ఏం చేస్తవ్?"

"తింటా."

"తిని?"

హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. జవాబు చోట ఖాళీ. తప్పులు రాసుకునే ఉద్యోగం నాది, నాకెందుకు చెప్తాడు? క్యాంటీన్‌లో చాయ్ ఇప్పించి, ఎవరికీ చెప్పనని మా అమ్మ మీద ఒట్టేశాక గొంతు తగ్గించాడు.

"బల్ల కింద పండుకుంటానప్పా, అర్ధగంట. వైర్ల మధ్య. టైపు ఇన్‌స్టిట్యూట్ కాణ్నుంచి అలవాటు."

డబ్బా నిండా ఎర్రకారం అన్నం, పైన మిరపకాయ బజ్జీలు, ఆపైన చాయ్, వెంటనే వెల్లకిలా. లేచేసరికి నోట్లో పులుపు, గొంతులో మంట. కడుపులోని ఆమ్లం గొంతుకెక్కితే దగ్గు, ఆయాసం వస్తాయని, తిన్న వెంటనే పడుకోవద్దని, మంచం తలవైపు ఎత్తు పెట్టుకోమని అమెరికా రోగులకు ఆయనే నెలకు పాతికసార్లు టైపు చేస్తాడు. చెవిలోంచి వేళ్లలోకి పోయిన మాట మధ్యలో ఎక్కడా దిగలేదు. నా సంగతీ అంతే. ఆ కాగితాల్లో నేను కామాలు చూశాను.

"మరి డాక్టర్లకు చెప్పలేదా?"

"దగ్గు అన్యానో లేదో, చీటీ రాసినారు."

మా పద్ధతిలోనే ఒక రిపోర్టు తయారుచేశాను. ముఖ్య బాధ, ఎప్పటినుంచి, ఏ వేళ, ఏం తిన్నాక, ఏ భంగిమలో. రోగం పేరు రాయలేదు, అది మన పని కాదు. "భోజనమయ్యాక వెల్లకిలా పడుకునే అలవాటు ఉంది" అని రాశాను. ఎక్కడ అన్నది ఖాళీ.

ఆ కాగితంతో ఇద్దరం వెళితే నాలుగో డాక్టరు గారు దాన్ని రెండుసార్లు చదివారు. ఓబులేసన్న వైపు తొలిసారి తలెత్తి చూసి, "ఎవరండీ ఇది రాసింది? అమెరికాలో చూపించుకున్నారా?" అన్నారు. గొట్టంలోకి ఊదించి చూశారు. పరగడుపున వేసుకోవడానికి ఆమ్లం తగ్గించే మాత్ర రాశారు. పీల్చే మందు తాను చెప్పేదాకా మానొద్దన్నారు. కారం తగ్గించాలి, తిన్నాక మూడు గంటలు నడుము వాల్చకూడదు, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాలి.

"ఇటుకలా? దిండు చాలదా సార్?" అన్నాడు ఓబులేసన్న.

"చాలదన్నా," అన్నాను నేను. "నువ్వే టైపు చేసినవ్."

మూడో వారానికి దగ్గు సగానికి తగ్గింది. పీల్చే మందు అవసరం లేదని మరో రెండు నెలలకు తేలింది. ఏసీలో పనిచేయొచ్చని ఆయన రాసిచ్చిన సర్టిఫికెట్ మాత్రం గడువుకు ఒక రోజు ముందే అందింది. అధికారి దాన్ని చదవకుండానే ఫైల్లో పెట్టారు.

తెలియనిచోట ఖాళీ వదిలి అడగాలి. ఆ వ్యవహారం నేర్పింది అంతే. ఎక్కడ పడుకుంటావని అడగని నాలుగో డాక్టరు గారికి ఆ ఒక్క ఖాళీకీ నేను మార్కు కొయ్యలేదు. మొదటి ముగ్గురూ ఒక్క ఖాళీ వదలకుండా ఊహించి నింపారు. మా కంపెనీలో అయితే ప్రొబేషన్ దాటేవారు కాదు.